లేబుల్‌లో మిగిలిన పైసలు లోడులో పోతాయి

మామిడికాయ బజారుకు దిగే రోజులు దగ్గరపడితే పచ్చళ్ల తయారీదారుల చూపంతా సరుకుల ధారణల మీదే ఉంటుంది. గుంటూరు యార్డులో మిర్చి ఎలా పలుకుతోంది, నువ్వులనూనె డబ్బా ఎంతకు వస్తోంది, ఆవాలు ఎక్కడి నుంచి దిగుతున్నాయి అని రోజూ ఆరా తీస్తారు. క్వింటాలుకు యాభై రూపాయల తేడా కోసం కమీషన్ ఏజెంటుతో అరగంట బేరమాడతారు. సీసాలు, మూతలు, అట్టపెట్టెలు కూడా నాలుగు చోట్ల విచారించిగాని కొనరు. ఒక్క లేబుల్ సంగతి మాత్రం ఆఖరి వారానికి వదిలివేయడం, ‘పోయినసారి వేసినట్టే వేసెయ్యండి’ అని ప్రెస్సుకు ఫోను చేసి ఊరుకోవడం ఆనవాయితీ అయిపోయింది. నెయ్యి, తేనె, కారప్పొడులు, కాఫీపొడి వంటి ప్రత్యేక సరుకులను చిన్న ప్యాకింగుల్లో అమ్మే వర్తకులదీ ఇదే తీరు.

ఈ అలవాటు చాలా ఖరీదైనది. వెయ్యి లేబుళ్లకు ఇంత అని ప్రెస్సువారు చెప్పేది అసలు ధర కాదు. సరుకు గోదాము నుంచి బయలుదేరి, లారీ ఎక్కి దిగి, దుకాణం అరలో మూడు నెలలు నిలబడి, కొన్నవారి ఇంటికి చేరేదాకా చిరగకుండా, జారకుండా, చదవడానికి వీలుగా నిలిచిన లేబుల్‌కు ఎంత పడిందన్నదే అసలు ధర. ఉదాహరణకు పది వేల ఆవకాయ సీసాలకు లేబుళ్లు కావాలనుకుందాం. కాగితం లేబుల్‌కూ నూనె తట్టుకునే ప్లాస్టిక్ లేబుల్‌కూ ఒక్కొక్కదానికి 60 పైసలు తేడా ఉందనుకుంటే మొత్తం మీద మిగిలేది ఆరు వేల రూపాయలు. టోకున 150 రూపాయలకు అమ్మే సీసాలు 40 వాపసు వస్తే ఆ ఆరు వేలూ చెల్లు. అంటే వెయ్యికి నాలుగు సీసాలు. వాటి రానుపోను లారీ కిరాయి, దుకాణదారు దగ్గర పోయిన మాట ఇందులో కలపలేదు. ఇంత చిన్న లెక్క గుమాస్తాకు తెలియక కాదు, యజమాని అడగక.

పైగా లేబుల్ ఇప్పుడు అలంకారం మాత్రమే కాదు. 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికలు కొలతల నిబంధనలు వివరాలన్నీ ప్యాకెట్టు మీదగాని, దానికి ‘గట్టిగా అతికించిన’ లేబుల్ మీదగాని ఉండాలన్నాయి. ఊడిపోయే లేబుల్ వేసినవారు ఆ మాట తప్పినట్టే. ఆహార పదార్థాలకైతే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు అంకెలు పద్నాలుగూ, బ్యాచి నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ, శాకాహార గుర్తు అన్నీ ఆ చిన్న జాగాలోనే ఉండాలి. ఉండవలసిన వివరం లేని సరుకు ‘మిస్‌బ్రాండెడ్’ లెక్కలోకి వస్తుంది. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 52వ సెక్షను కింద దీనికి జరిమానా మూడు లక్షల రూపాయల వరకు ఉండవచ్చు. సీసాలో పచ్చడి ఎంత శుభ్రమైనదైనా, నూనెకు బ్యాచి నంబరు చెరిగిపోతే తనిఖీకి వచ్చిన అధికారికి చూపించడానికి తయారీదారు దగ్గర మిగిలేది నోటిమాటే.

నూనె ముందు కాగితం నిలవదు

లేబుల్‌కు ఏ సరుకు వాడాలన్నది ప్రెస్సు యజమాని చెప్పవలసిన విషయం కాదు, సీసాలో ఉన్న సరుకు చెప్పవలసిన విషయం. ఊళ్లలో ఎక్కువగా నడిచేది క్రోమో కాగితం. ఒక పక్క నునుపు పూత ఉంటుంది, అచ్చు బాగా పడుతుంది, చవక. పొడి సరుకుకు, అట్టపెట్టెకు, పూతరేకుల డబ్బాకు ఇంతకన్న అక్కరలేదు. వాటికి కూడా ప్లాస్టిక్ లేబులే కావాలని పట్టుబట్టడం డబ్బు ఎక్కువై చేసే పని.

కాని ఆవకాయ సీసా పొడి సరుకు కాదు. ఎంత బిగించి మూత పెట్టినా లారీ కుదుపుకు మూత అంచున నూనె చెమ్మ తేలుతుంది. కాగితం దానిని పీల్చుకుంటుంది. ముందు అద్దంలా పారదర్శకమైన మచ్చ పడుతుంది, తరువాత అక్షరాలు మసకబారతాయి, చివరకు గమ్ము వదిలి లేబుల్ పక్కకు జారుతుంది. కాగితం మీద వార్నిషు కొట్టించామని, లామినేషన్ చేయించామని ధీమాగా ఉండేవారున్నారు. లామినేషన్ పైముఖాన్ని కాపాడుతుంది, నిజమే. అయితే డై మీద కత్తిరించిన అంచు వట్టి కాగితమే కదా! నూనె ఆ అంచు నుంచే లోపలికి నడుస్తుంది.

ఇటువంటి సరుకుకు బి.ఓ.పి.పి. అనే పాలిప్రొపిలీన్ పొరే తగినది. తెల్లది, పారదర్శకమైనది, వెండి మెరుపుతో ఉన్నది అన్నీ దొరుకుతాయి. నూనె, నీరు పీల్చుకోదు, చేత్తో చింపితే సులువుగా చిరగదు. నెయ్యి సీసాకు, తేనె సీసాకు, ఫ్రిజ్‌లో పెట్టే ప్రతి వస్తువుకు ఇదే మేలు. పిండి వాడే మెత్తటి సీసాలకు మాత్రం ఇది కాస్త బిరుసు. నొక్కినప్పుడల్లా ముడతలు పడుతుంది. అక్కడ పాలిథీన్ పొర వేయాలి.

వెనుకటి రోజుల్లో రేకు డబ్బాలకు మైదా జిగురుతో కాగితం అంటించేవారు. గోదాములో బొద్దింకలు ఆ జిగురు కోసం లేబుళ్లు కొరికేవి. ఆ బెడద ఇప్పుడు తగ్గిందిగాని, దానితోపాటు లేబుల్ ఎందుకు అంటుకుంటుంది, ఎందుకు ఊడుతుంది అని ఆలోచించే అలవాటు కూడా పోయినట్టుంది.

లేబుల్ ఊడిన ప్రతిసారీ నింద కాగితం మీదికి పోతుందిగాని, సగం కేసుల్లో దోషం గమ్ముది. స్టిక్కరు షీట్లలో వాడే గమ్ము రెండు ముఖ్య రకాలు. రబ్బరు జాతిది తాకిన వెంటనే పట్టేస్తుంది, వేడికి మెత్తబడుతుంది, నూనెకు లొంగుతుంది. అక్రిలిక్ జాతిది మెల్లగా పట్టుకుంటుంది. పూర్తి పట్టు రావడానికి ఒక రోజో, ఇంకా ఎక్కువో పడుతుంది. పట్టాక మాత్రం ఎండకు, కాలానికి బాగా ఓర్చుకుంటుంది. దుకాణంలో వేలితో అంటించి లాగి చూసి ‘ఇది గట్టిది’ అని మొదటిదాన్ని ఎంచుకునే కొనుగోలుదారు పొరబడుతున్నాడు. మే నెల ఎండలో కిటికీలు మూసిన లారీలో పరీక్ష జరిగేది వేరే.

సీసా సంగతి కూడా చూడాలి. గాజుకు దాదాపు ఏ గమ్మయినా అంటుతుంది. పాలిథీన్, పాలిప్రొపిలీన్ డబ్బాలు గమ్మును అంత తేలికగా పట్టుకోనివ్వవు. వాటికి తగిన గమ్ము అడిగి వేయించాలి. కారం మిల్లులో సీసాల మీద సన్నటి పొడి పేరుకుంటుంది. దాన్ని తుడవకుండా అంటిస్తే గమ్ము పట్టేది పొడినేగాని సీసాను కాదు. ఫ్రిజ్ నుంచి తీసిన సీసా చెమరుస్తుంది. చల్లటి, తడి సీసాకు మామూలు గమ్ము అంటదు. నెయ్యి వేడిగా నింపి, సీసా చల్లారకముందే లేబుల్ వేసే తొందర మరో రకం చేటు. ఇవేవీ ప్రెస్సువారి బిల్లులో కనబడవు. తప్పు మాత్రం వారి మీదే పడుతుంది.

చిన్న సీసాలకు అంచులు లేచి నిలబడడం మరొక ఫిర్యాదు. సన్నటి గుండ్రని సీసా చుట్టూ బిరుసు కాగితం చుట్టితే అది తిరిగి చదునుగా కావాలని చూస్తుంది. కాగితానికి నార పోయే దిశ ఒకటుంటుంది. ఆ దిశ సీసా నిలువుకు సమాంతరంగా వచ్చేలా లేబుల్ కోయిస్తే సులువుగా వంగుతుంది. అడ్డంగా కోస్తే షీటుకు నాలుగు లేబుళ్లు ఎక్కువ రావచ్చు. ఆ నాలుగూ తరువాత సీసాల మీద అంచులు లేపుకొని ఎగతాళి చేస్తాయి.

ఏ ప్రెస్సు, ఏ పని

శివకాశి పేరు చెప్పగానే చవక అన్న అభిప్రాయం ఉంది. అగ్గిపెట్టెల, బాణసంచా లేబుళ్లు అచ్చు వేస్తూ పెరిగిన ఊరు అది. రంగుల ఆఫ్‌సెట్ పనిలో దానికున్న పేరు ఊరికే వచ్చింది కాదు. పెద్ద సంఖ్యలో, షీట్లలో, ఒకే డిజైను కావాలంటే అక్కడి ధరతో పోటీపడడం కష్టం. అయితే దీపావళి ముందు నుంచి డిసెంబరు దాకా క్యాలెండర్ల, డైరీల పని ఒత్తిడి ఉంటుంది. సంక్రాంతి అమ్మకాలకు నవంబరులో లేబుళ్లు అడిగే నెయ్యి, స్వీట్ల వ్యాపారులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

యంత్రం మీద లేబుళ్లు అంటించేవారికి షీట్లు పనికిరావు, రోలు కావాలి. రోలు పని ఫ్లెక్సో యంత్రాలది. రంగుకొక ప్లేటు చేయాలి కనుక తక్కువ సంఖ్యకు గిట్టదు. రోలు లోపలి గొట్టం కొలత, లేబుల్ తల ఏ వైపు తిరిగి బయటికి రావాలి అన్నవి ముందే కాగితం మీద రాసి ఇవ్వకపోతే వచ్చిన రోళ్లన్నీ మళ్లీ తిరగచుట్టించాలి. కత్తి లోతు కూడా ముఖ్యమే. పైపొర తెగి, కింది రిలీజు పేపరు తెగకుండా ఉండాలి. అది కూడా తెగితే యంత్రం మీద రోలు పుటుక్కున తెగుతూనే ఉంటుంది, ఆ రోజు కూలి వృథా.

రెండు మూడు వేల లేబుళ్లతో కొత్త సరుకును బజారులో పరీక్షించాలనుకునేవారికి డిజిటల్ అచ్చు ఉత్తమం. ప్లేట్లు ఉండవు కనుక మాట మార్చినా ఖర్చు పెరగదు. ఒక్కో లేబుల్‌కు ధర ఎక్కువని దీన్ని తోసిపుచ్చేవారు గోదాములో పడి ఉన్న పాత లేబుల్ కట్టల ధరను ఎన్నడూ లెక్కవేయరు.

ఇక తెలుగు అక్షరాల విషయం. ఇది మనవారికి ప్రత్యేకమైన తలనొప్పి. ఇక్కడి డి.టి.పి. కేంద్రంలో ముచ్చటగా కూర్చిన పేరు పొరుగు రాష్ట్రపు ప్రెస్సులో ఫైలు తెరిచేసరికి ఒత్తులు ఒకచోట, గుడులు మరొకచోట పడి కనిపిస్తుంది. అక్కడివారికి తెలుగు చదవరాదు, తప్పని తెలియదు. యాభై వేల లేబుళ్లు అలాగే వచ్చి దిగుతాయి. అక్షరాలను గీతలుగా మార్చి పంపితే ఈ బాధ ఉండదు. చిన్న సైజులో ముదురు రంగు నేల మీద తెల్ల తెలుగు అక్షరాలు పెట్టించడం ఇంకో సరదా. నాలుగు రంగులు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ‘క్ష’కు ‘క’కు తేడా తెలియకుండా పూడిపోతుంది. అటువంటి చోట తెల్ల నేల మీద నల్ల అక్షరమే శ్రేయస్కరం. అసలు చట్టం కోరే వివరాలు ఇంగ్లీషులోగాని, దేవనాగరి లిపిలో హిందీలోగాని ఉండాలి. తెలుగు వాటికి అదనం. తెలుగు మీద మోజుతో ఇంగ్లీషు వివరాలను అంచుకు నెట్టి చదవరాని సైజు చేయడం తగదు.

మిర్చి, పచ్చళ్లవారికి ఎరుపంటే ప్రాణం. అందులో తప్పులేదుగాని రెండు చిక్కులున్నాయి. బార్‌కోడ్ గీతలు ఎరుపులో వేస్తే స్కానరు చదవదు. దాని వెలుగు కూడా ఎరుపే కనుక దానికి ఆ గీతలు తెల్లకాగితంలాగే ఉంటాయి. గీతలు నలుపులోనే ఉండాలి. కొలత కూడా ఇష్టం వచ్చినట్టు తగ్గించరాదు. పూర్తి సైజు 37.29 మి.మీ. వెడల్పు, 25.93 మి.మీ. ఎత్తు. అందులో 80 శాతానికి దిగువన వేస్తే పెద్ద దుకాణాలు సరుకు తిప్పికొడతాయి. రెండోది, మామూలు సిరాల్లో ఎండకు ముందు వెలిసేవి ఎరుపు, పసుపు. కిరాణా కొట్టు ముందు వరసలో నెలన్నర నిలిచిన కారం డబ్బా నీలిరంగు తిరిగి కనిపిస్తే కారం పాతదని కొనేవారు అనుకుంటారు. ఎండకు నిలిచే సిరా కావాలని అడిగితే ప్రెస్సువారు వేస్తారు, అడగకపోతే వేయరు.

ధర అచ్చులో కలపవద్దు

2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. రేట్లు మారి నెయ్యి వంటి సరుకుల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. గరిష్ఠ చిల్లర ధరను రంగుల అచ్చులోనే కలిపేసి కట్టలు కట్టలుగా నిల్వ పెట్టుకున్నవారు ఆ వారంలో పడిన పాట్లు ఇంకా మరుపునకు రాలేదు. మామూలుగా అయితే లేబుల్ వివరాలను స్టిక్కరు వేసి మార్చడం నిషిద్ధం. ధర తగ్గించినప్పుడు మాత్రమే, అదీ పాత ధరను కప్పకుండా, స్టిక్కరు వేయవచ్చు. పన్నులు మారిన ఆ సందర్భంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ అమ్ముడుపోని సరుకు మీద సవరించిన ధర వేసుకోవడానికి ప్రత్యేకంగా వీలు కల్పించింది కనుక గండం గడిచింది. ప్రతిసారీ అలా గడుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

ధర, బ్యాచి నంబరు, తేదీలు మారేవి. వాటికి లేబుల్‌లో ఖాళీ గడి విడిచి, సరుకు నింపే రోజున అచ్చు వేసుకోవడమే పద్ధతి. ఇక్కడా ఒక మెలిక ఉంది. లేబుల్ మొత్తానికి నిగనిగలాడే వార్నిషు కొట్టిస్తే ఆ గడిలో సిరా నిలవదు, గోటితో గీస్తే రాలిపోతుంది. గడి మీద వార్నిషు పడకూడదని ఆర్డరులోనే రాయాలి. రిబ్బను ప్రింటరు వాడేవారు కాగితానికి మైనపు రిబ్బను చాలుననుకోవచ్చుగాని, ప్లాస్టిక్ లేబుల్‌కు, నూనె సరుకుకు రెజిన్ రిబ్బనే వేయాలి. తూకం యంత్రాల నుంచి వచ్చే వేడి కాగితం చీటీలు పచ్చళ్ల మీద అంటించేవారు ఇంకా ఉన్నారు. వేడికి నల్లబడి, వెలుగుకు వెలిసి, నూనెకు చెరిగిపోయే ఆ చీటీ మీద తేదీ రాయడం నీటి మీద రాసినట్టే.

యాభై వేలు ఒకేసారి వేయిస్తే ధర పడిపోతుందన్న మాటకు లొంగడం కూడా ఇందులో భాగమే. యాభై వేలకు లేబుల్ రూపాయి, పది వేలకు రూపాయి అరవై పైసలు అనుకుందాం. పదిహేను వేలు వాడేసరికి లైసెన్సు చిరునామా మారిందో, నిబంధన మారిందో, ముప్పయి అయిదు వేలు చెత్తకు పోతాయి. అప్పుడు వాడిన ఒక్కో లేబుల్‌కు పడింది మూడు రూపాయల ముప్పయి మూడు పైసలు. పది వేల చొప్పున రెండుసార్లు వేయించినవారికి మొత్తం 32 వేలే ఖర్చు, ఇంకా అయిదు వేల లేబుళ్లు చేతిలో ఉంటాయి. స్టిక్కరు గమ్ముకు ఆయుష్షు కూడా మామూలుగా ఏడాది, రెండేళ్లే. అదీ చల్లటి గదిలో. రేకుల కప్పు కింద పెట్టిన కట్టల్లో గమ్ము అంచుల నుంచి కారి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

అమెరికాలోని తెలుగువారికి సరుకు పంపే వర్తకులకు మరో సంగతి. 2023 జనవరి 1 నుంచి అక్కడ నువ్వులను తొమ్మిదో ముఖ్య అలర్జీ పదార్థంగా లేబుల్‌పై చూపాలి. ఐరోపా జాబితాలో నువ్వులతోపాటు ఆవాలు కూడా ఉన్నాయి. ఆవకాయలో ఈ రెండూ లేకుండా ఏముంటుంది? దేశీయ లేబుల్‌నే ఓడ ఎక్కించడం వీలుకాదు. ఎగుమతికి వేరే లేబుల్ వేయించుకోవాలి. ఆ సంఖ్య తక్కువ కనుక డిజిటల్ అచ్చు ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

ప్రెస్సుతో మాట్లాడేటప్పుడు బేరం కన్న ముందు తేల్చుకోవలసినవి ఉన్నాయి. ప్లేట్లకు, డైకి డబ్బు కట్టినవారు వాటికి యజమానులా, కాదా అన్నది బిల్లులోనే రాయించుకోవాలి. లేకుంటే మరుసటి ఏడాది ప్రెస్సు మారాలంటే ఆ ఖర్చు మళ్లీ మొదటికి వస్తుంది. ఆర్డరు కన్న పదిశాతం అటూ ఇటూ వచ్చే ఆచారం అచ్చు పనిలో ఉంది. ఎక్కువ వచ్చిన వాటికి డబ్బు ఇవ్వాలా వద్దా అన్నదీ ముందే అనుకోవాలి. మెరుపు ఆర్టు కాగితం మీద తీసి చూపిన ప్రూఫు చూసి మురిసిపోరాదు. అసలు వాడబోయే పొర మీద, అసలు గమ్ముతో తీసిన నమూనా యాభై అయినా అడగాలి. ఇవ్వడానికి సణిగే ప్రెస్సు చవకైనా విడిచిపెట్టడమే మంచిది. సణగకుండా ఇచ్చి, ‘మీ సీసా ఒకటి పంపండి, దాని మీద వేసి చూద్దాం’ అనే ప్రెస్సుకు పది పైసలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. నచ్చిన నమూనా మీద ఇరువురూ సంతకం చేసి చెరొకటి దాచుకుంటే మరుసటిసారి రంగు మారిందన్న తగాదా ఉండదు.

ఆ యాభై నమూనాలను సొంత సీసాలకు, సొంత పచ్చడి నింపి అంటించాలి. మూడు రోజులు కదపకుండా ఉంచి, కొన్ని మేడ మీద ఎండలో, కొన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి. కొన్నింటిని నూనె గుడ్డతో రుద్దాలి. ఒక పెట్టెను ఊరు పోయే లారీలో ఎక్కించి తిరిగి తెప్పించాలి. ఇందుకు రెండు వారాలు పడుతుంది. మే నెల కాయకు లేబుల్ కావాలంటే నమూనాలు శివరాత్రి నాటికి చేతికి రావాలి. అప్పుడే ఉగాదిలోగా ఆర్డరు ఇవ్వడానికి వ్యవధి ఉంటుంది.